విశ్వం గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. విశ్వం పుట్టుక నుంచి మనిషి దాకా నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది, దాని గురించి చెప్పేదేం లేదు. కానీ మొదటి పేజీలోనే ‘అద్భుతం’, ‘అనంతం’, ‘ఊహకందని’ లాంటి మాటలు గుంపుగా వచ్చి కూర్చున్నాయి. విశ్వం వయసు 1380 కోట్ల సంవత్సరాలని రాశాక, ఆశ్చర్యపొమ్మని పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు. అతను అడిగేది ఒకటే: ఈ సంగతి మీకెలా తెలిసింది? నీ వ్యాసంలో ఎక్కడా దానికి జవాబు లేదు.

నక్షత్రాల్లో ఎక్కువగా ఉండేది హైడ్రోజన్ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ ముక్క వెనక ఎంత కథ నడిచిందో చూడు. నక్షత్రం వెలుగును పట్టకంతో విడదీస్తే రంగుల మధ్య నల్లటి గీతలు కనిపిస్తాయి. ఏ గీత ఏ మూలకానిదో 19వ శతాబ్దంలోనే తెలుసు. కానీ గీత ముదురుగా ఉంటే ఆ మూలకం ఎక్కువుందనా, లేక అక్కడి వేడికి అలా కనిపిస్తోందా? ఎంత వేడికి ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటాయో చెప్పే సమీకరణాన్ని 1920లో మన భౌతికశాస్త్రవేత్త మేఘనాద్ సాహా ఇచ్చాడు, దాంతో ఆ ముడి వీడింది. దాన్ని పట్టుకుని హార్వర్డ్‌లో సిసీలియా పేన్ లెక్క కట్టింది. హైడ్రోజన్, హీలియం తప్ప మిగతావన్నీ నక్షత్రాల్లో చాలా కొంచెమేనని తేలింది. అప్పట్లో ఆ రంగంలో పెద్దాయన హెన్రీ నోరిస్ రసెల్ అది అసాధ్యమన్నాడు. దాంతో 1925 నాటి తన థీసిస్‌లో, ఆ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని ఆమే రాయాల్సి వచ్చింది. నాలుగేళ్లకు రసెల్ వేరే దారిలో లెక్క కట్టి అదే చోటికి చేరాడు. ఇది రాయి. ‘మనమంతా నక్షత్ర ధూళి’ అన్న వాక్యం కొట్టెయ్, అది ఇప్పటికి అందరూ వాడేశారు. పైగా అది సగమే నిజం. మన ఒంట్లోని నీళ్లలో ఆక్సిజన్ నక్షత్రాల్లో తయారైందే, హైడ్రోజన్ మాత్రం నక్షత్రాలు పుట్టకముందు నుంచీ ఉంది.

ఇంకో చిన్న సంగతి. బిగ్ బ్యాంగ్‌ను ఖాళీలో ఎక్కడో బాంబు పేలినట్టు వర్ణించావు. పేలడానికి బయట ఖాళీ లేదు. సాగింది చోటే, అన్నిచోట్లా ఒకేసారి.

ఇక జీవం పుట్టుక. నీ వ్యాసం పట్టు తప్పింది ఇక్కడే. ‘1953లో మిల్లర్ సీసాలో జీవాన్ని సృష్టించాడు’ అని రాశావు. సృష్టించలేదు. షికాగో యూనివర్సిటీలో హెరాల్డ్ యూరీ దగ్గర పరిశోధన చేస్తున్న స్టాన్లీ మిల్లర్, తొలినాటి భూమి మీద గాలి ఇలాగే ఉండేదన్న ఊహతో, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి కలిసిన గాజు పరికరంలో రోజుల తరబడి కరెంటు నిప్పురవ్వలు రప్పించాడు. నీళ్లు ఎర్రబారాయి. వాటిలో గ్లైసిన్, అలనిన్ లాంటి అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్లను కట్టే ఇటుకలు, దొరికాయి. అంతే. అంతే అంటున్నా గానీ అది తక్కువేం కాదు. అయితే తొలినాటి భూమి మీద గాలి అలా ఉండేది కాదని, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్‌లే ఎక్కువని తర్వాత చాలామంది శాస్త్రవేత్తలు అభిప్రాయపడ్డారు. ఆ మాట దాచిపెట్టకు. దాచావంటే, తెలిసిన పాఠకుడు మిగతా వ్యాసాన్ని కూడా నమ్మడు.

మిల్లర్ కన్నా ముందే ఈ దారి చూపినవాళ్లు రష్యన్ శాస్త్రవేత్త ఒపారిన్, బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్. 1929లో హాల్డేన్ తొలి సముద్రాలను వేడి పల్చటి సూప్‌తో పోల్చాడు. ఆయన తర్వాత మన దేశానికొచ్చి ఇక్కడి పౌరుడయ్యాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. దేహాన్ని వైద్య విద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇవ్వాలని విల్లు రాశాడు. తెలుగులో రాస్తూ ఇది వదిలేస్తే ఎలా?

అమైనో ఆమ్లాలు అంతరిక్షంలోనూ తయారవుతాయి. 2023లో బెన్నూ గ్రహశకలం నుంచి తెచ్చిన మట్టిలో, జీవులు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలకు అక్షరాల్లాంటి ఐదు క్షారాలూ (బేస్‌లు) అందులో ఉన్నాయి. అంటే సామాను కొరత లేదు. అసలు చిక్కు తర్వాతే. చిన్న అణువులు పొడవాటి గొలుసులు కావాలంటే ప్రతి ముడి దగ్గరా ఒక నీటి అణువు బయటికి పోవాలి. చుట్టూ నీళ్లే ఉంటే అది కష్టం. అందుకే ఎండుతూ, తడుస్తూ ఉండే గుంటల్లో ఇది జరిగిందని కొందరంటారు. 1871లో డార్విన్ కూడా ఒక ఉత్తరంలో వెచ్చని చిన్న గుంట గురించి ఊహించాడు. ఇంకొందరు సముద్రం అడుగున ఉండే వేడి ఊటల వైపు మొగ్గుతారు. శక్తి అక్కడ ఎడతెగకుండా అందుతుంది కదా అని వాళ్ల వాదన. రెండు వాదాలూ బతికే ఉన్నాయి. నువ్వు మాత్రం ఒకదాన్నే ఎంచుకుని తీర్పు చెప్పేశావు.

క్రియ దగ్గర జాగ్రత్తపడు. ‘జరిగింది’, ‘జరిగి ఉంటుంది’, ‘జరిగి ఉండొచ్చు’ అని మూడు మెట్లు మన చేతిలోనే ఉన్నాయి. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లన్న చోట మొదటిది నిస్సంకోచంగా వాడు. తొలి జీవకణం దగ్గరికొచ్చేసరికి మూడోదానికి దిగు. నీ వ్యాసంలో రెండు చోట్లా ‘జరిగింది’ అనే ఉంది.

దశావతారాలే పరిణామ సిద్ధాంతం అన్న పేరా తీసెయ్. భక్తి మీద కోపమేం లేదు నాకు. పరిణామం ఒకదాని తర్వాత ఒకటిగా ఎక్కే మెట్ల వరుస కాదు, కొమ్మలుగా చీలేది. చేప మనిషి కోసం తప్పుకోలేదు, ఇంకా ఈదుతూనే ఉంది.

దాని బదులు కడప జిల్లా వేంపల్లె వైపు ఒకసారి వెళ్లిరా. ఆ ఊరి పేరే పెట్టిన రాతి పొరల్లో స్ట్రోమాటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవుల పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని రాయిగా మారినవి, వయసు సుమారు 190-200 కోట్ల ఏళ్లు. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నది కూడా ఆ పొరల్లోనే. భూగర్భశాస్త్రం చదివినవాళ్లనెవరినైనా వెంట తీసుకెళ్లు, లేకపోతే ఏ రాయి ఏదో తెలియదు. రాయి విరక్కొట్టకు, ఫొటో చాలు.

ముందు మిల్లర్ భాగం తిరగరాసి పంపు. నక్షత్రాల సంగతి ఆ తర్వాత చూద్దాం. నిడివి పెరుగుతుందని టెన్షన్ పడకు, ‘అద్భుతం’ అన్నచోటల్లా కొట్టేస్తే కావలసినంత చోటు దొరుకుతుంది.