జూన్‌టీన్త్‌ను జాతీయ సెలవుదినం చేయడం వల్ల అమెరికాలో నిజంగా ఏమైనా మారిందా?

జూన్‌టీన్త్ అంటే జూన్ 19, అమెరికాలో నల్లజాతి బానిసల విముక్తిని గుర్తుచేసుకునే రోజు. ఒక సెలవు దొరకడం తప్ప ఏం మారిందని మీరు అడిగారు. 2014 నుంచి టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో ఉంటున్న నా అనుభవం ప్రకారం, ఆ చట్టం వల్ల ఎక్కువగా మారింది నాలాంటి బయటివాళ్లమే.

టెక్సస్‌లో అది 1980 నుంచే రాష్ట్ర సెలవు. అయినా మా ప్రైవేటు కంపెనీ ఇచ్చేది కాదు కాబట్టి, వచ్చిన ఏడేళ్ల వరకు అలాంటి రోజు ఒకటుందని నాకు తెలియదు. 2021 జూన్ 17న అధ్యక్షుడు బైడెన్ చట్టంపై సంతకం చేశారు. మరుసటి ఏడు మా ఆఫీసుకు సెలవిచ్చినప్పుడు, ఇది దేనికని పక్కింటి పెద్దావిడను అడిగాను. ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఆవిడ, ఏటా జూన్ 19న తన సొంత సెలవు పెట్టుకునేవారట.

అధ్యక్షుడు లింకన్ 1863 జనవరి 1న బానిసల విముక్తి ప్రకటన చేసినా, ఆ కబురు టెక్సస్‌కు రెండున్నరేళ్లు ఆలస్యంగా చేరిందని నేను చదివాను. ఆవిడ ఒప్పుకోలేదు. యజమానులకు కబురు ఎప్పుడో అందింది, అందనిది దాన్ని అమలుచేసే సైన్యమే అన్నారు. 1865 జూన్ 19న టెక్సస్ రేవుపట్నం గాల్వెస్టన్‌లో కేంద్ర సైన్యాధికారి జనరల్ గ్రేంజర్ ఉత్తర్వు వెలువడ్డాకే సుమారు రెండున్నర లక్షల మంది విడుదలకు దారి ఏర్పడింది. అదే ఉత్తర్వు వారిని ఉన్నచోటే ఉండి కూలికి పనిచేసుకోమని కూడా చెప్పింది. ఆ రోజుతో దేశమంతటా బానిసత్వం పోయిందనుకోవడమూ పొరపాటే. లింకన్ ప్రకటన వర్తించని కెంటకీ, డెలావేర్ రాష్ట్రాలలో అది ఆ డిసెంబరులో బానిసత్వాన్ని రద్దుచేసే 13వ రాజ్యాంగ సవరణ ఆమోదం పొందేదాకా సాగింది.

ఆవిడ నన్ను హ్యూస్టన్‌లోని ఎమాన్సిపేషన్ (విముక్తి) పార్కుకు తీసుకెళ్లారు. 1872లో ఒకనాటి బానిసలే చందాలు పోగుచేసి, ఈ వేడుక జరుపుకోవడానికే కొన్న పదెకరాల స్థలమది. అక్కడ అందరి చేతుల్లోనూ ఎర్రని పానీయాలు కనిపించాయి. ఆ ఆనవాయితీకి మూలం పశ్చిమ ఆఫ్రికాలో ఒక రకం ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే ఎర్రని రేకులతో కాచే పానీయమని అంటారు (గోంగూర పులుపును మనవాళ్లు వంటకే పరిమితం చేశారు కదా అనిపించింది).

కాబట్టి ఈ పండుగ ప్రభుత్వం ఇచ్చింది కాదు. 2016లో, 89 ఏళ్ల వయసులో, ఉద్యమకారిణి ఓపల్ లీ టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్ నుంచి వాషింగ్టన్ దిశగా నడక మొదలుపెట్టి అడిగింది గుర్తింపునే, అది దక్కింది. లోటు మరోచోట ఉంది: జాతీయ సెలవు ఫెడరల్ కార్యాలయాలకే వర్తిస్తుంది, ప్రైవేటు యజమానులు ఇచ్చి తీరాలనేమీ లేదు. నిరుడు జూన్‌టీన్త్ ఉదయం పుచ్చకాయ కొనడానికి దుకాణానికి వెళితే, బిల్లు వేసిన నల్లజాతి యువతి సాయంత్రం ఆరింటి దాకా తనకు డ్యూటీ ఉందని చెప్పింది.