పువ్వు అండాశయంలో అండాలు ఎలా అమరి ఉంటాయి? అనంతపురం పంటల్లో చూసి నేర్చుకోవచ్చా?

తప్పకుండా. అండాశయం గోడ మీదో మధ్యనో అండాలు అంటుకునే తీరునే అండన్యాసం అంటారు. అండాశయమే కాయగా, అండాలే గింజలుగా మారతాయి కాబట్టి బొమ్మలు బట్టీ పట్టడం కన్నా కాయను కోసి చూడటమే మేలు.

చీనీకాయను అడ్డంగా కోయండి. తొనల మధ్య పొరలన్నీ నడిమి అక్షం దగ్గర కలుస్తాయి, గింజలు ఆ అక్షం వైపే అంటుకుని ఉంటాయి. ఇది స్తంభ అండన్యాసం. టమాటాలోనూ ఇంతే. ఇప్పుడు బొప్పాయి కోయండి: అడ్డగోడలు లేవు, నడుమంతా ఖాళీ, గింజలన్నీ లోపలి గోడకే. ఇది కుడ్య అండన్యాసం. చాలామంది తికమకపడేది ఈ రెండింటి దగ్గరే, అందుకే ముందు అడ్డగోడలు ఉన్నాయా అని చూడండి.

కందికాయను జాగ్రత్తగా విప్పితే గింజలు ఒక అంచు వెంటే వరుసగా, ఒకటి ఈ చెక్కకు, తర్వాతది ఆ చెక్కకు అంటుకుని కనిపిస్తాయి. ఒకే ఫలదళం (అండాశయాన్ని కట్టే ఆకులాంటి భాగం) రెండు అంచులు అక్కడ కలిశాయి కాబట్టి ఇది ఉపాంత అండన్యాసం. పొద్దుతిరుగుడులో ఒక్కో చిన్న పువ్వు అండాశయం అడుగున ఒకే అండం, అది పీఠ అండన్యాసం.

మిగిలింది స్వేచ్ఛా కేంద్ర అండన్యాసం. గంగపావిలి కూర కాయలో చూడొచ్చు: అడ్డగోడలుండవు, గింజలు మాత్రం మధ్యలోనే ఉంటాయి. కాయ చాలా చిన్నది, భూతద్దం దగ్గర పెట్టుకోండి.