ముఖపత్రం మీద కుంచెరాత

ప్రశ్న: మేము కొందరం మిత్రులం కలిసి విజయనగరం నుంచి చిన్న సాహిత్య పత్రిక తీసుకురాబోతున్నాము. పత్రిక పేరును కంప్యూటర్ ఫాంటులో పెడదామని కొందరు, చేత్తో రాయిద్దామని కొందరు అంటున్నారు. జపాన్‌లో పేరును కుంచెతో రాయిస్తారని విన్నాను. అక్కడ ముఖచిత్రం వేసేవారూ, అక్షరాలు రాసేవారూ ఒక్కరేనా? అందులో మనకు పనికివచ్చేది ఏమైనా ఉందా?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఒక్కరే కావాలన్న నియమం లేదు గాని, పిల్లలు బడిలోనే కుంచె పట్టి అక్షరం దిద్దే దేశం కాబట్టి రెండు పనులూ వచ్చినవారు అక్కడ అరుదు కాదు. నకమురా ఫుసెత్సు (1866–1943) సంగతే చూడండి. పారిస్ వెళ్లి తైలవర్ణ చిత్రలేఖనం నేర్చుకున్న ఈయన, 1897లో మత్సుయామాలో మొదలై మరుసటి ఏడాది టోక్యోకు మారిన హైకూ పత్రిక 'హొతోతొగిసు'కు బొమ్మలు వేశారు. మన శ్రీముఖలింగం శాసనాల మీద పరిశోధకులు తడి కాగితం అద్ది, సిరా పూసి నకళ్లు తీస్తారు కదా, చైనా శిలాశాసనాలకు అటువంటి నకళ్లనే ఆయన జీవితమంతా సేకరించి, ఆ రాళ్ల మీది మొరటు అక్షరాలను తన చేతిరాతకు ఒరవడిగా పెట్టుకున్నారు. ఆ సేకరణతో 1936లో ఆయన టోక్యోలో తెరిచిన లిపికళా ప్రదర్శనశాల ఇప్పటికీ ఉంది.

ఆ పత్రికలోనే రచయితగా పేరు తెచ్చుకున్న నత్సుమే సోసెకి, 1914లో తన 'కొకొరో' నవలకు అట్టను తానే రూపొందించుకున్నారు. ప్రాచీన చైనాలో దుందుభి ఆకారంలో ఉన్న రాళ్ల మీద చెక్కిన శాసనాక్షరాలను సింధూరవర్ణపు అట్టనిండా పరిచారు. బొమ్మ అంటూ వేరే లేదు. ఆ కాలపు అట్టలలో నాకు అన్నిటికన్నా సాహసమైనదిగా కనిపించేది ఇదే. అన్నీ ఇలాగే ఉండేవనుకోకండి. 1900లో వెలువడిన కవితా పత్రిక 'మ్యోజో'కు ఫుజిషిమా తకెజి వేసిన అట్టలలో తీగల్లా మెలికలు తిరిగే గీతల ఐరోపా అలంకరణ శైలి ఆర్ట్ నూవో పోకడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక మీ పత్రిక మాట. చేత్తోనే రాయించండి. కాని జపాన్ పద్ధతిలో అక్షరాలను నిలువుగా పేర్చాలని మాత్రం ముచ్చటపడకండి. అక్కడ ప్రతి అక్షరమూ ఒక ఊహాచతురస్రంలో ఒదుగుతుంది కాబట్టి, అడ్డంగా రాసినా నిలువుగా పేర్చినా కుదురుగా ఉంటుంది. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటలు నిలువునా పేరిస్తే ఒత్తు వెళ్లి కింది అక్షరం తలకట్టుకు తగులుతుంది. అచ్చులో కావలసిన కొలతకు రెండు మూడు రెట్లు పెద్దగా రాయించి, స్కాన్ చేసి తగ్గించుకుంటే గీత అంచులలోని వణుకు అణుగుతుంది. ఒకసారి కుదిరిన పేరును సంచికకొకసారి మార్చవద్దు, బొమ్మను ఎంతైనా మార్చుకోవచ్చు. వీలు చూసుకుని శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన కథానిలయానికి వెళ్లి, మన పాత పత్రికల పేర్లు ఎవరెవరు ఎలా రాశారో కూడా ఒక పూట చూసి రండి.

ప్రశ్న: పాత జపాన్ పత్రికల అట్టల మీద పేరును కుడి నుంచి ఎడమకు చదవాలంటారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: నిజమే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, అడ్డంగా రాసిన పేర్లను ఎక్కువగా కుడి నుంచే చదివేవారు. నిలువు వరుసలు కుడి నుంచి ఎడమకు సాగుతాయి కాబట్టి పుస్తకపు కుట్టు కూడా కుడివైపే ఉంటుంది. మనం వెనుక అట్ట అనుకునేదే వారి ముఖపత్రం.