అల్లిక సందేహాలు: ఇంట్లోవాళ్ల కొలతకు స్వెట్టర్లు, మేజోళ్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. ప్యాటర్న్‌లో ఉన్నది ఉన్నట్టు అల్లినా అది ఇంట్లోని మనిషికి సరిపోవడం లేదు. వాటిలో ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. అమెరికాలో ఉన్న మా కోడలు ఒక స్వెట్టర్ ప్యాటర్న్ పంపి, అది నా చేత్తో అల్లి పంపమని ముచ్చటపడి అడిగింది. అందులో ఎనిమిదో నంబరు సూదులని ఉంటే, నా దగ్గరున్న ఎనిమిదో నంబరు సూదులతోనే ముందు ముక్కకు 90, వెనుక ముక్కకు 90 కుట్లు వేసుకొని అల్లాను. చుట్టుకొలత 40 అంగుళాలు రావలసింది 33 అంగుళాలు కూడా రాలేదు. అమ్మాయి ఛాతీ కొలత 36. ఎక్కడ పొరపాటు చేశాను? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ అల్లికలో పొరపాటు లేదు, పొరపాటంతా ఆ సూది నంబరులో ఉంది. మన బజారులో దొరికే సూదులకు పాత బ్రిటిష్ నంబర్లు వాడతారు. ఆ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబర్లు దీనికి తలకిందులుగా ఉంటాయి, అక్కడ నంబరు పెరిగితే సూది లావవుతుంది. మన ఎనిమిదో నంబరు సూది లావు 4 మిల్లీమీటర్లయితే అమెరికా ఎనిమిదో నంబరు సూది లావు 5 మిల్లీమీటర్లు. అదే లావు సూది ఇక్కడ కావాలంటే దుకాణంలో ఆరో నంబరు అడగాలి. అందుకే విదేశీ ప్యాటర్న్ చేతికి వచ్చినప్పుడు నంబరును పక్కన పెట్టి మిల్లీమీటర్లు చూసుకోండి.

అయితే సరైన సూది దొరికినంత మాత్రాన కొలత కుదురుతుందని అనుకోకండి, ఎందుకంటే ఒకే సూదితో, ఒకే ఊలుతో ఇద్దరు అల్లినా ఇద్దరి చేతి బిగి ఒకటిగా ఉండదు. మీ ప్యాటర్న్ రాసినవారికి 4 అంగుళాల వెడల్పులో 18 కుట్లు వచ్చి ఉంటాయి, అంటే అంగుళానికి నాలుగున్నర. 180 కుట్లను నాలుగున్నరతో భాగిస్తే సరిగ్గా 40 అంగుళాలు. మీకు వచ్చిన కొలతను బట్టి చూస్తే మీ అల్లికలో 4 అంగుళాలకు 22 కుట్లు, అంటే అంగుళానికి ఐదున్నర పడ్డాయి. అదే 180ని ఐదున్నరతో భాగిస్తే 33 అంగుళాలకు కాస్త తక్కువే వస్తుంది.

ఈ అల్లిక మీ చేతికి హాయిగా ఉంటే సూది మార్చనక్కరలేదు, కుట్ల లెక్క మార్చుకుంటే చాలు. ముందుగా అదే ఊలుతో కనీసం 6 అంగుళాల చదరపు ముక్క ఒకటి అల్లండి. స్వెట్టర్‌ను ఎలా ఉతుకుతారో దాన్నీ అలాగే ఉతికి, ఆరిన తరువాత అంచులు వదిలి నడిమి 4 అంగుళాల్లో కుట్లు, వరుసలు లెక్కపెట్టండి. ఉతకకుండా కొలిస్తే ఆ లెక్క నిలవదు, ముఖ్యంగా మెషీన్‌లో ఉతకడానికి వీలుగా తయారు చేసిన ఉన్ని తడిస్తే బాగా సాగుతుంది. ఒక్క కుట్టు తేడాయే కదా అని వదిలేయకండి. 22 అనుకున్నది నిజానికి 21 అయితే 40 అంగుళాల స్వెట్టర్ దాదాపు 42 అంగుళాలవుతుంది.

మీ ముక్కలో 22 కుట్లు, 30 వరుసలు వచ్చాయనుకుందాం. అమ్మాయి ఛాతీ 36కు లోపల చొక్కా వేసుకోవడానికి, చేయి ఆడడానికి 4 అంగుళాల వదులు కలిపితే 40. దాన్ని ఐదున్నరతో హెచ్చిస్తే 220 కుట్లు. ముక్కకు 110 చొప్పున వేసుకొని, పక్కలు కుట్టడానికి అటొకటి ఇటొకటి కలిపి 112 చేయండి. పొడవులు ప్యాటర్న్‌లో అంగుళాల్లో ఉంటే అలాగే తీసుకోవచ్చు. చేతుల దగ్గర మాత్రం ‘ప్రతి ఆరో వరుసలో ఒక కుట్టు పెంచండి’ అన్న వాక్యాన్ని గుడ్డిగా అనుసరించవద్దు, ఎందుకంటే అది వాళ్ల వరుసల లెక్క. మణికట్టు దగ్గర 46 కుట్లతో మొదలుపెట్టి చంక దగ్గరికి 76 చేయాలంటే 30 పెరగాలి, రెండు అంచుల్లోనూ పెంచుతాం కనుక 15 సార్లు. రిబ్బు, అంటే అంచున సాగేలా అల్లే చారల పట్టీ, అయిన చోటి నుంచి చంక దాకా 15 అంగుళాలుంటే మీ చేతికి అవి సుమారు 112 వరుసలు. అందువల్ల ప్రతి ఏడో వరుసలో పెంచుకుంటూ పోతే 105 వరుసల్లో పని పూర్తయి చివరి ఏడు వరుసలు తిన్నగా మిగులుతాయి.

ఈ లెక్క సరిచూసుకోవడానికి ఒక సులువుంది. బ్రిటన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999) ప్రచారంలోకి తెచ్చిన శాతాల పద్ధతిలో ఛాతీ చుట్టూ ఉన్న కుట్లను 100 అనుకుంటే మణికట్టుకు 20, చేయి పైభాగానికి 33 నుంచి 35, మెడకు 40 శాతం కుట్లు సరిపోతాయి. మీ 220లో 20 శాతం 44, 35 శాతం 77. మనం వేసుకున్న 46, 76 వాటికి దగ్గరగానే ఉన్నాయి కనుక నిశ్చింతగా అల్లవచ్చు.

మనిషి దూరంగా ఉన్నప్పుడు ఫోనులో ఒంటి కొలతలు అడగకండి. తనకు బాగా నప్పిన స్వెట్టర్ ఒకదాన్ని మంచం మీద పరిచి, చంక నుంచి చంకకు, భుజం నుంచి అంచుకు, చంక నుంచి మణికట్టుకు కొలిచి పంపమనండి. ఒంటికి టేపు చుట్టుకున్నప్పుడు ఊపిరి బిగబట్టని వాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. ఇప్పటికే అల్లిన ముక్కలను విప్పకండి. ఛాతీ 29 అంగుళాలున్న మనవరాలు ఇంట్లో ఉంటే, చేతులు మాత్రం దాని కొలతకు అల్లితే ఆ పిల్లకు చక్కగా సరిపోతాయి.

ప్రశ్న: మా మామగారికి స్వెట్టర్ అల్లాను. ఛాతీ దగ్గర బాగానే ఉంది కానీ పొట్ట దగ్గర బిగుతుగా ఉండి ముందు అంచు పైకి లేస్తోంది. పెద్ద సైజు అల్లితే భుజాలు జారిపోతున్నాయి. ఆదిలాబాద్ చలికి ఆయన అది వేసుకోక తప్పదు. – ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

జవాబు: ఇంట్లో పెద్దవాళ్లకు అల్లేవారందరికీ ఎదురయ్యే చిక్కు ఇది. ప్యాటర్న్‌లో సైజు పెంచితే పొట్టతో పాటు భుజాలు, మెడ, చేతులు అన్నీ పెరుగుతాయి. మనకు కావలసింది ముందు ముక్క ఒక్కటి పెరగడం. ఆయన ఛాతీ 40, పొట్ట 45 అనుకొని, పైన చెప్పిన అల్లిక బిగితోనే లెక్క వేద్దాం. ఛాతీకి 4 అంగుళాల వదులు కలిపితే 44, అంటే ముక్కకు 22 అంగుళాలు, 121 కుట్లు. పొట్ట దగ్గర 2 అంగుళాల వదులు కలిపినా మొత్తం 47 కావాలి. ఆ పెరిగిన 3 అంగుళాలను వెనక్కి పంచకుండా పూర్తిగా ముందుకే ఇవ్వండి. వెనుక 121 కుట్లే ఉంటాయి, ముందు 137 కుట్లతో మొదలుపెట్టి, పొట్ట ఎత్తు దాటాక చంక దాకా చేరేలోపు ఒక్కో అంచున ఎనిమిదేసి కుట్లు తగ్గిస్తే మళ్లీ 121కి వస్తారు.

వెడల్పుతో సగం పనే అవుతుంది. అంచు పైకి లేవడానికి అసలు కారణం పొట్ట మీదుగా దిగే దారి వీపు మీదుగా దిగే దారి కంటే పొడవు కావడం. అందుకని పొట్ట ఎదురుగా ఉన్న భాగంలో సగం వరుసలు వేయాలి. అంటే వరుస చివరి దాకా పోకుండా కొన్ని కుట్లు సూది మీదే వదిలి వెనక్కి తిరగడం, తరువాతి వరుసలో ఇంకాస్త ముందుగా తిరగడం. ఇలా ఒక్కో వైపు ఏడు మలుపులు, మొత్తం 14 వరుసలు వేస్తే నడుమ దాదాపు 2 అంగుళాల పొడవు అదనంగా వస్తుంది. పక్క అంచుల్లో మాత్రం వరుసలు పెరగవు కనుక వెనుక ముక్కతో కలిపి కుట్టేటప్పుడు ఇబ్బంది ఉండదు. తిరిగే చోట పక్క కుట్టు మెడకు దారాన్ని ఒకసారి చుట్టి తిరగండి, లేకపోతే అక్కడ చిల్లు కనిపిస్తుంది.

ఇదే సగం వరుసల పనిని వీపు పైభాగంలో, మెడకు కాస్త కింద చేస్తే నడుము వంగిన పెద్దవాళ్లకు స్వెట్టర్ వెనుక నుంచి పైకి ఎక్కకుండా ఉంటుంది. మా అమ్మకు చివరి రోజుల్లో అలాగే అల్లి ఇచ్చాను. అంతకుముందు రోజంతా వెనుక అంచు కిందికి లాక్కుంటూ కూర్చునేది, ఆ తరువాత చేయి వెనక్కి పోవడం నేను చూడలేదు. మీ మామగారికి భుజాల నొప్పులుంటే తల మీదుగా వేసుకునేది మానేసి ముందు గుండీలున్న స్వెట్టర్ అల్లండి.

ప్రశ్న: నాన్నగారికి షుగరు ఉంది, సాయంత్రానికి కాళ్లు వాస్తాయి. కొన్న మేజోళ్లు పిక్క మీద గాడి పడేలా బిగుస్తున్నాయి. నేను అల్లే మేజోళ్లకు 64 కుట్లు వేసుకోమని ప్యాటర్న్‌లో ఉంది. ఎన్ని వేయాలి? – ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: వాపు సంగతి ముందు డాక్టరు గారికి చూపించండి. మేజోళ్ల విషయానికి వస్తే, స్వెట్టర్‌కు వదులు కలుపుతాం, మేజోడుకు తగ్గిస్తాం. పాదం చుట్టుకొలతలో పదో వంతు తగ్గించి అల్లితేనే అది కాలికి అంటుకొని ముడతలు పడకుండా నిలుస్తుంది. అంగుళానికి 8 కుట్లు వచ్చే సన్న ఊలుతో 9 అంగుళాల పాదానికి 64 సరిపోతాయి. మీ నాన్నగారి పాదాన్ని సాయంత్రం, వాపు ఉన్నప్పుడే కొలవండి. 10 అంగుళాలుంటే 72 కుట్లు కావాలి. ఆయన పిక్క పాదం కంటే లావుగా ఉంటే ఆ భాగానికి ఇంకో 8 కుట్లు ఎక్కువ వేసుకొని చీలమండ దగ్గర తగ్గించుకోవచ్చు.

పై అంచు బిగుసుకోకుండా ఉండాలంటే రెండు సూదులు కలిపి పట్టుకొని వాటి మీద కుట్లు వేసుకొని, తరువాత ఒక సూది లాగేయండి. రబ్బరు దారం కలపవద్దు. రిబ్బును రెండు అంగుళాలతో ఆపకుండా మడమ దాకా, పాదం పైభాగంలో వేళ్ల దాకా కొనసాగిస్తే ఉదయం, సాయంత్రం రెండు కొలతలకూ సర్దుకుంటుంది. పాదం పైభాగం ఎత్తుగా ఉంటే మడమ పలకను, అంటే మడమ వెనుక కప్పే ముక్కను, 36 వరుసలకు బదులు 40 వరుసలు అల్లి, పక్కల నుంచి 18 బదులు 20 కుట్లు ఎత్తుకోండి. చివర వేళ్ల దగ్గర కుట్లు మూసి కుట్టేస్తే లోపల గట్టు మిగులుతుంది. షుగరు ఉన్నవారికి స్పర్శ తక్కువై అది ఒరుసుకుంటున్నా తెలియకపోవచ్చు కనుక రెండు సూదుల మీది కుట్లను ఎదురెదురుగా పెట్టి, దబ్బనంతో కొత్త వరుస నేసినట్టు కలపండి. దారానికి ముడి ఎక్కడా వేయకండి.

ప్రశ్న: నేను మెట్టెలు తీయను, ఇంట్లోనూ చెప్పులు వేసుకుంటాను. నాకు సరిపోయేలా మేజోళ్లు ఎలా అల్లుకోవాలి? – ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చెప్పు పట్టీ కోసం బొటనవేలు విడిగా రావాలి. 64 కుట్ల మేజోడును బొటనవేలి మొదలు దాకా మామూలుగానే అల్లి, అక్కడ బొటనవేలి వైపు పైనుంచి 10, కింద నుంచి 10 కుట్లు తీసుకొని, సందులో కొత్తగా 4 వేసుకుంటే 24 కుట్లతో బొటనవేలి గొట్టం వస్తుంది. మిగిలిన 44కు సందు దగ్గర 4 ఎత్తుకొని 48 కుట్లతో తక్కిన వేళ్లు కప్పండి. ఇక్కడి నుంచి కుడి ఎడమలు వేరు, రెండూ ఒకేలా అల్లితే ఒక మేజోడు పనికిరాదు.

మెట్టె చివర్లు కలవకుండా తెరిచి ఉంటాయి కనుక కుట్టు అందులో చిక్కుకుంటుంది. వేళ్ల భాగాన్ని ఒక నంబరు సన్న సూదితో దగ్గరగా అల్లండి. ఆ భాగంలో రంగుల డిజైన్ వద్దు, లోపలి వైపు వేలాడే దారాలే ముందుగా చిక్కుకుంటాయి. రెండో వేలి మీద మెట్టె ఎత్తుకు చోటుండేలా అక్కడ తగ్గించే కుట్లలో రెండింటిని ఒక అరంగుళం ఆలస్యంగా తగ్గించండి.

ప్రశ్న: నాలుగేళ్ల మనవడికి అల్లిన స్వెట్టర్ ఏడాదికే పొట్టిదవుతోంది. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పిల్లలు వెడల్పు కంటే పొడవు తొందరగా పెరుగుతారు. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే ప్యాటర్న్ ఎంచుకుంటే వచ్చే ఏడాది అంచు రిబ్బు విప్పి, కుట్లు సూది మీదకు ఎత్తుకొని మరో 2 అంగుళాలు అల్లుకోవచ్చు. చేతులు కూడా అంతే. అందుకోసం ఒక ఉండ ఊలు ఎక్కువ కొని దాచండి, దాని లేబుల్ మీది రంగు లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు, మిగతా ఉండలతో కలిసిందో లేదో కొనేటప్పుడే చూడండి. పాత ఊలు ఉతికి ఉతికి కొంత వెలిసి ఉంటుంది కనుక, దాచిన ఉండను కూడా ఏడాదిలో రెండు మూడు సార్లు వదులుగా చిలప చుట్టి స్వెట్టర్‌తో పాటే ఉతికి ఆరవేయండి.