రిప్‌స్టాప్ బట్ట కుట్టబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

రిప్‌స్టాప్ బట్టతో బ్యాగులు, వాన కవర్లు కుట్టి అమ్ముతానన్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం.

ఇది చిరగని బట్ట అని మాత్రం ఎవరికీ చెప్పకు. మేకు తగిలితే దీనికీ చిల్లు పడుతుంది. కాకపోతే ఆ చిల్లు అంత తేలిగ్గా పెరగదు. సన్నదారాల మధ్య నిలువునా అడ్డంగా కొన్ని మిల్లీమీటర్లకోసారి లావు దారం వేసి నేస్తారు, చిరుగు అక్కడిదాకా వచ్చి ఆగుతుంది. పారాచూట్లు, టెంట్లు, సంక్రాంతికి సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో ఎగరేసే పెద్ద గాలిపటాలకు ఈ నేతే కావాలి.

కొనేటప్పుడు గోరుతో గీసి చూడు. గడి దగ్గర దారం గోటికి తగలాలి. వెలుతురుకి పట్టి చూస్తే గీతలు చిక్కగా కనబడాలి. పైన గళ్ళు అచ్చేసి ఉంటే వద్దను.

ఇక కుట్టు. అసలు పనితనమంతా ఇక్కడే. నీళ్ళు దిగకుండా పూత వేసిన ఈ బట్టకి సూది గుచ్చిన చిల్లు పూడదు. అందుకే గుండుసూదులు మానేసి క్లిప్పులు పెట్టు. 11 నంబరు కొత్త సూది, పాలిస్టర్ దారం వాడు. నూలుదారం తడికి పాడవుతుంది. కుట్టు 3 మిల్లీమీటర్లు ఉండనీ. మరీ దగ్గరగా కుడితే, స్టాంపుల షీటులా ఆ వరసలోనే చిరుగుతుంది. నైలాన్ అంచుల్ని సాల్డరింగ్ ఐరన్‌తో కోస్తే పీచు లేవదు, కానీ పొగ మంచిది కాదు, కిటికీలు తీసి చెయ్యి. ప్యాంట్లకు వాడే, నూలు కలిసిన రకానికి ఇది పనికిరాదు, అంచుని దారంతో చుట్టి కుట్టే ఓవర్‌లాక్ చేయించు. పూత ఉన్న వైపు లోపలికి రావాలి. ఎంత బాగా కుట్టినా కుట్లలోంచి నీళ్ళు దిగుతాయి, లోపలినుంచి కుట్ల మీద అంటించే సీమ్ టేప్ వెయ్యడం మర్చిపోకు.

కొన్నవాళ్ళకి రెండు సంగతులు తప్పకుండా చెప్పు. తడిగా మడిచి అటక మీద పడేస్తే పూత జిగటగా మారి ఊడొస్తుంది. రోజుల తరబడి ఎండలో వదిలేస్తే నైలాన్ బలం పోతుంది.

చిల్లు పడిందని ఎవరైనా తెస్తే స్పిరిట్‌తో తుడిచి, ఆరాక రిపేర్ టేప్ అంటించు. టేప్ మూలలు గుండ్రంగా కత్తిరించు, కోణం ఉంటే అక్కడినుంచే లేస్తుంది.

మొదట రెండు మీటర్లే తీసుకో. ఒక కవర్ కుట్టి, దాని మీద బకెట్ నీళ్ళు గుమ్మరించి చూశాకే ఆర్డర్లు ఒప్పుకో.

మీ మావయ్య