చిన్నీకి, బ్యాంకాక్ వెళ్లే ముందు

చిన్నీ,

మొన్న ఫోన్‌లో "పెద్దమ్మా, ఈసారి గుళ్లూ షాపింగూ అని కాకుండా కాస్త సాహసంగా తిరుగుదామనుకుంటున్నాం" అన్నావు కదా, అప్పటి నుంచి నా మనసు ఆ ఊళ్లోనే ఉంది. మీ పెదనాన్న ఉద్యోగం వల్ల మేము బ్యాంకాక్‌లో మూడేళ్లు కాపురం చేశాం. తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లొచ్చాం. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

ముందు ఒక్క మాట, మిగతాదంతా దీని చుట్టూనే ఉంటుంది. ఇద్దరు కలిసి చేసే సాహసానికి కొలత ఇద్దరిలో ముందు అలిసిపోయేవాళ్లు. నీకు నడక ఇష్టం, ఆయనకి ఎత్తులు ఇష్టం. ఒకరి సరదా కోసం రెండోవాళ్లు పళ్లు బిగబట్టుకుని తిరిగితే సాయంత్రానికి హోటల్ గదిలో మాటామాటా వస్తుంది. ఆ ఎండకి, ఆ ఉక్కకి మామూలుగానే విసుగొస్తుంది. అందుకని రోజుకి ఒకటే పెద్ద పని పెట్టుకోండి. అది కూడా పొద్దున్నే. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఏసీలో ఉండండి. ఏప్రిల్‌లో వెళితే ఇది మరీ ముఖ్యం. మే నుంచి అక్టోబరు దాకా వానలు, చాలాసార్లు సాయంత్రం పూట ఒక్కసారిగా కుమ్మరించి పోతుంది. గొడుగు కన్నా మడతపెట్టి బ్యాగులో పడేసుకునే రెయిన్‌కోటు నయం.

ఇప్పుడు కాలువ బోటు గురించి చెబుతాను, ఎందుకంటే నువ్వు అడిగిన సాహసం అసలు అక్కడే ఉంది. ఊరి మధ్యలో నుంచి క్లోంగ్ సేన్ సేప్ అని ఒక కాలువ పోతుంది. క్లోంగ్ అంటే కాలువే. పంతొమ్మిదో శతాబ్దంలో, మూడో రామ రాజు కాలంలో తవ్వించారు. పైన రోడ్డు మీద కార్లు అంగుళం కదలకుండా నిలబడి ఉంటే, కింద ఆ సన్నటి కాలువలో పొడవాటి బోట్లు దూసుకుపోతుంటాయి. ఆఫీసులకి వెళ్లేవాళ్లు, యూనిఫాం పిల్లలు, కూరగాయల సంచులతో అమ్మలు, అందరూ అందులోనే. ఎదురు బోటు వచ్చినప్పుడు నల్లటి నీళ్లు చిమ్ముతాయి. అంచున కూర్చున్నవాళ్లు తాడు పట్టి లాగితే పక్కనున్న పరదా పైకి లేస్తుంది. ఆ తాడు నీ చేతికొస్తే మొహమాటపడకుండా లాగు, నీ వెనక వరసవాళ్లంతా నీ మీదే ఆధారపడి ఉంటారు. టికెట్లు ఇచ్చేవాళ్లు హెల్మెట్ పెట్టుకుని, బోటు లోపల కాకుండా బయటి అంచు మీద నడుస్తూ డబ్బులు తీసుకుంటారు. వంతెన వచ్చినప్పుడు బోటు పైకప్పు కిందికి దిగుతుంది, వాళ్లూ తల వంచుతారు. మొదటిసారి చూసినప్పుడు నా ఊపిరి ఆగినంత పనైంది.

అక్కడే నాకు జరిగింది చెప్పాలి. మేము వెళ్లిన రెండో నెల. ప్రతునామ్ అనే రేవులో బోటు మారాలి. బోటు రేవుకి తగిలీ తగలకముందే జనం దూకేస్తారు, ఎక్కేస్తారు. ఆగేది కొన్ని క్షణాలే. మీ పెదనాన్న ముందు దూకి ఎక్కేశారు. నేను చీర కుచ్చిళ్లు పట్టుకుని ఒక్క అడుగు వెనకేశాను. అంతే, బోటుకీ రేవుకీ మధ్య ముందు ఒక మూరెడు నీళ్లు, తర్వాత బారెడు. ఆయన బోటు అంచున నిలబడి చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తున్నారు, ఇంజను మోతలో ఒక్క ముక్క వినబడలేదు. డబ్బులు ఆయన జేబులో. ఇంటి అడ్రసు కార్డూ ఆయన దగ్గరే. ఫోన్ నా చేతిలో లేదు. నాకు థాయ్‌లో నమస్కారం తప్ప ఇంకో మాట రాదు.

నేను చేసిన మంచి పని ఒకటే, అక్కడి నుంచి కదల్లేదు. రేవులో పళ్లు అమ్ముకునే ఒకావిడ నా మొహం చూసి, తన ప్లాస్టిక్ స్టూలు ఇటు జరిపి కూర్చోమని చేత్తో తట్టింది. జామకాయ ముక్కలు ఉప్పూకారం అద్ది చేతిలో పెట్టింది. మీ పెదనాన్న తర్వాతి రేవులో దిగి, ఎదురు బోటు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఎంతసేపైందో కానీ నాకు మాత్రం ఒక పూట గడిచినట్టుంది. ఆయన మొహం పాలిపోయి ఉంది. నాకు కోపం కూడా రాలేదు, చెయ్యి పట్టుకుని ఆవిడ పక్కనే కాసేపు కూర్చున్నాం.

అందుకే చెబుతున్నాను, ఎక్కేటప్పుడు ఎవరికి భయమెక్కువో వాళ్లు ముందు ఎక్కాలి, ధైర్యమున్నవాళ్లు వెనక. దిగేటప్పుడూ అంతే. డబ్బులు ఇద్దరి దగ్గరా ఉండాలి. హోటల్ పేరు థాయ్ లిపిలో రాసిన కార్డు ఇద్దరి జేబుల్లోనూ ఉండాలి, ఇంగ్లీషులో రాసింది చూపిస్తే చాలామంది డ్రైవర్లకి పనికిరాదు. విడిపోతే వెనకబడ్డవాళ్లు కదలకూడదు, ముందుకెళ్లినవాళ్లు తిరిగి రావాలి. ఈ ఒప్పందం విమానం ఎక్కకముందే చేసుకోండి. నారింజ రంగు చొక్కా వేసుకున్న బైక్ టాక్సీల విషయంలోనూ ఇదే. ఇద్దరూ రెండు బైకుల మీద వెళ్లాల్సొస్తుంది కాబట్టి, ఎక్కడ దిగాలో ఇద్దరు డ్రైవర్లకీ ఫోన్‌లో మ్యాప్ చూపించి, హెల్మెట్ అడిగి తీసుకుని ఎక్కండి.

బైకు అద్దెకి తీసుకుందామని అల్లుడుగారు అన్నారట, మీ అమ్మ చెప్పింది. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి సులువే అనిపిస్తుంది. కానీ బైకుకి చెల్లే ఇంటర్నేషనల్ పర్మిట్ లేకుండా నడిపి ఏదైనా జరిగితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వకపోవచ్చు. ఆ ఊళ్లో మీకు బైకుతో పనే లేదు. స్కైట్రైన్ ఉంది, మెట్రో ఉంది, నది మీద బోట్లున్నాయి. సువర్ణభూమి విమానాశ్రయంలో దిగితే ఎయిర్‌పోర్ట్ రైలు 45 బాట్‌లకి ఊళ్లోని ఫయా థాయ్ స్టేషన్ దాకా దింపుతుంది. హోటల్ ఏదైనా సరే స్కైట్రైన్ స్టేషన్‌కి నడిచేంత దూరంలో తీసుకోండి. గది చిన్నదైనా ఫరవాలేదు.

చక్రాల మీద సాహసం కావాలంటే సైకిల్ ఉంది. బాంగ్ క్రచావ్ అని, చావో ఫ్రయా నది గుండ్రంగా మెలిక తిరిగిన చోట మధ్యలో మిగిలిన పచ్చటి నేల. క్లోంగ్ తోయి రేవు నుంచి చిన్న పడవలో దాటితే కొద్ది నిమిషాలే. ఇటువైపు ఆకాశాన్నంటే మేడలు, అటువైపు అడుగుపెట్టగానే కొబ్బరిచెట్లు, బోదెలు, నీళ్లలో దిగబడిన తాటి జాతి చెట్లు. నాకు అమలాపురం వైపు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. రేవు దగ్గరే సైకిళ్లు అద్దెకిస్తారు. ఎక్కేముందు బ్రేకులు నొక్కి చూడు, సీటు ఎత్తు సరిచేయించుకో. దారులు చాలా చోట్ల బురదనేల మీద ఎత్తుగా కట్టిన సన్నటి సిమెంటు బాటలు. కొన్ని చోట్ల పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు, మలుపు దగ్గర ఎదురుగా స్కూటర్ వస్తుంది. అక్కడ దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్లడానికి సిగ్గుపడకండి. నడిచే వేగంతో వెళితేనే ఉడుములూ కొంగలూ కనబడతాయి. శని, ఆదివారాల్లో అక్కడే బాంగ్ నామ్ ఫుంగ్ అనే సంత జరుగుతుంది, ఆకలితో వెళ్లండి.

ఎత్తుల సంగతి అల్లుడుగారి కోసం. మహానఖోన్ అని 314 మీటర్ల మేడ, పైన గాజు నేల మీద నిలబడి కింద రోడ్డు చూడొచ్చు. నీకు కళ్లు తిరుగుతాయని తెలుసు. నువ్వు గాజు నేలకి ఇవతలే నిలబడి ఫొటో తియ్యి, ఆయన వెళతారు. "రా, ఏం కాదు" అని లాగొద్దని ఆయనకి నా మాటగా చెప్పు.

గుళ్లు వద్దన్నావు కానీ రాజభవనం లోపలి పచ్చ బుద్ధుడి గుడి మాత్రం వదలొద్దు. చుట్టూ వసారా గోడల మీద 178 భాగాలుగా రామాయణం మొత్తం గీశారు, వాళ్లు రామకియెన్ అంటారు. మన కథే, కానీ మనకి తెలియని మలుపులుంటాయి. వాళ్ల హనుమంతుడు బ్రహ్మచారి కాదు, వారధి కట్టేటప్పుడు రావణుడి కూతురైన మత్స్యకన్యను ప్రేమిస్తాడు. గోడ మీద ఆ బొమ్మ వెతికి పట్టుకోండి, ఇద్దరికీ మంచి కాలక్షేపం. పొద్దున్న ఎనిమిదిన్నరకి తెరుస్తారు, తెరవగానే వెళ్లండి. టికెట్ 500 బాట్‌లు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి.

ఆ గేటు దగ్గర్లోనే ఎవరో శుభ్రంగా తయారైన మనిషి వచ్చి "ఇవాళ మూసేశారు, పూజ ఉంది, రండి ఇంకో గుడి చూపిస్తాను, టుక్‌టుక్ చాలా చవక" అంటాడు. నమ్మొద్దు. ఆ టుక్‌టుక్ చివరికి ఆగేది రాళ్లూ నగలూ అమ్మే కొట్టు ముందే. మాకు తెలిసిన ఒక జంట పెళ్లిరోజు కానుక అని నీలం ఉంగరం కొని, ఇంటికొచ్చాక పరీక్ష చేయించి ఏడ్చారు. నవ్వుతూ చెయ్యి ఊపి నేరుగా గేటుదాకా నడవండి. ఏదైనా ఇబ్బంది వస్తే 1155కి ఫోన్ చేస్తే టూరిస్ట్ పోలీసులు పలుకుతారు.

తిండి గురించి. నీకు బెంగ లేదు, చైనాటౌన్‌లోని యావోరాత్ వీధిలో రాత్రి పూట తిరిగితే కడుపు నిండిపోతుంది. అల్లుడుగారు శాకాహారి కాబట్టి "వెజిటేరియన్" అంటే సరిపోదు, చేపల సాస్, అదే నామ్ ప్లా, దాదాపు ప్రతి దాంట్లోనూ వేస్తారు. బొప్పాయి కాయ సలాడ్‌లో కూడా ఎండు రొయ్యలుంటాయి. "జే" అనే మాట నేర్చుకోండి. పసుపు మీద ఎర్ర అక్షరంతో ఆ గుర్తున్న కొట్లలో మాంసం, గుడ్డు, చేప ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మన వంట మీద మనసు పోతే మనవాళ్లు ఎక్కువగా ఉండే పహురాత్ పేటకి వెళ్లండి, గురుద్వారా చుట్టుపక్కల రొట్టె, పప్పు దొరుకుతాయి.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. వీసా నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు థాయ్ రాయబార కార్యాలయం సైట్‌లో చూసుకో. దిగడానికి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, అది ఉచితం. డబ్బులడిగే సైటు కనబడితే అది వాళ్ల ప్రభుత్వానిది కాదు. ఈ-సిగరెట్లు అక్కడ నేరం. రాజుగారి గురించి సరదాకి కూడా మాట జారొద్దు. పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ స్టేషన్లలో జాతీయ గీతం వస్తే అందరితోపాటు ఆగి నిలబడండి.

తారీఖులు ఖాయమవగానే చెప్పు. నా బీరువాలో పాత 20 బాట్‌ల నోట్లు కొన్ని, చిల్లర ఒక డబ్బాలో ఉన్నాయి, బోటు టికెట్లకి సరిపోతాయి. వచ్చేవారం మీ అమ్మ వస్తోందిగా, తనతో పంపిస్తాను. రెండు పొట్లాలు కడతాను, ఒకటి నీకు, ఒకటి ఆయనకి.

మీ
పెద్దమ్మ