చక్కెర డబ్బా ఎక్కడుందో చెప్పి వెళ్లు

మహారాణిపేట,
విశాఖపట్నం.

చి.సౌ. చిన్నమ్మలుకు మీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న సాయంత్రం మీ నాన్న ఫోను చేశాడు. నాటక పరిషత్తు పోటీలకు వెళ్లే నాటికలో నువ్వు తల్లి వేషం వేస్తున్నావని, వారానికి నాలుగు రోజులు సిరిపురంలో రిహార్సల్సు ఉంటాయని చెప్పాడు. ఆ గొంతులో సగం గర్వం, సగం ఫిర్యాదు వినిపించాయి. “పాపకు షుగరని తెలిసి ఎనిమిది నెలలైనా కాలేదు, దీనికి ఇప్పుడు మొహానికి రంగు పూసుకోవాలని బుద్ధి పుట్టింది, నువ్వైనా చెప్పక్కా” అన్నాడు. చెబుతానన్నాను. ఏమి చెబుతానో మాత్రం వాడికి చెప్పలేదు.

వెయ్యి తల్లీ, ఆ వేషం వెయ్యి. ఈ ముక్క ముందే వ్రాస్తున్నాను, ఎందుకంటే కిందిదంతా చదివాక నేను వద్దంటున్నానని నువ్వు అనుకోవచ్చు. ఈ పిచ్చి మన ఇంట్లో నీతో మొదలు కాలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారుగా ఉన్న కూర్మా వేణుగోపాలస్వామి గారు విద్యార్థుల చేత నాటకాలు ఆడించిన రోజుల్లో మీ తాతయ్య అక్కడ చదువుకున్నారు. ఆయన వేలు పట్టుకుని నాటకాలకు వెళ్లి నేను చెడిపోయాను, నన్ను చూసి నువ్వు చెడిపోయావు. మీ నాన్న ఒక్కడే ఎలాగో తప్పించుకున్నాడు.

తేలిక విషయాలు నీకు డాక్టరు గారు చెప్పే ఉంటారు కాబట్టి తొందరగా అనేస్తాను. వాడుకలో ఉన్న ఇన్సులిన్ పెన్ను నీ సంచిలో కాక పాప దగ్గరే ఉండాలి, దాన్ని ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. చేతికి అతికించిన సెన్సరు చూపే అంకె రక్తంలోని చక్కెర కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది కనుక అనుమానం వచ్చినప్పుడు వేలు గుచ్చి చూడవలసిందే. పాపకు జ్వరమో వాంతులో వచ్చి అన్నం తినని రోజున కూడా డాక్టరు గారిని అడగకుండా ఇన్సులిన్ మానకూడదు, ఆ రోజున రిహార్సలు మానుకో.

నాటకం వైపు నుంచి వచ్చే చిక్కు ఒకటుంది, అది డాక్టర్లకు తెలియదు. పరిషత్తులో ఒకే రాత్రి రెండు మూడు నాటికలు ఉంటాయి, ఒక్కొక్కటీ గంటసేపు నడుస్తుంది, ఆ మధ్యలో సెట్టు మార్చడం, సన్మానాలు, ఉపన్యాసాలు. ఏడున్నరకు మీ వంతు అని చెబితే తొమ్మిదిన్నరకు తెర లేస్తుంది. పాపను వెంట తీసుకువెళ్లిన రోజున అన్నం వేళనూ సూది వేళనూ కార్యక్రమ పత్రం చూసి నిర్ణయించకు. అన్నం క్యారేజీ మూత తీసి, కంచంలో వడ్డించి, పిల్ల ఎదురుగా కూర్చున్నాకే సూది. ఇంతగా ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు వ్రాస్తాను. మన వాళ్లలో ఇది కొందరికి తెలుసు, నీకు మాత్రం ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు.

మా వాడికి, అదే మీ బావకు, ఏడో ఏట, 1986లో, ఈ జబ్బు బయటపడింది. అప్పట్లో ఇంట్లో రక్తం చూసుకునే మిషను మాలాంటి వాళ్లకు అందుబాటులో లేదు. గాజు గొట్టంలో బెనెడిక్ట్ ద్రావణం పోసి, అందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచేదాన్ని. నీలంగానే ఉంటే చక్కెర లేదని, ఆకుపచ్చకు తిరిగితే కొంచెం ఉందని, ఇటుక రంగు వస్తే మించిపోయిందని లెక్క. రోజుకు మూడుసార్లు ఆ గొట్టం పట్టుకుని కూర్చుని, రంగు తిరగకూడదని ఇంట్లోని దేవుళ్లందరికీ మొక్కేదాన్ని. ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఇన్సులిన్ సీసాను చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్లు చల్లిన మట్టికుండలో ఉంచేవాళ్లం. గాజు సిరంజిని రోజూ మరిగించేవాళ్లం. ఇవన్నీ నేను చక్కగా నేర్చుకున్నాను, ఎవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. మా అత్తగారికి మాత్రం ఒకే ఒక్క ఆజ్ఞ ఇచ్చాను: “ఏమైనా సరే, వాడు ఏడ్చి మొత్తుకున్నా సరే, తీపి అన్నది పెట్టకండి.”

1988 సంక్రాంతి వారం. మీ మామయ్య ఆఫీసు వాళ్ల నాటకంలో నాకు రెండు రంగాల వేషం దొరికింది. సంసారం చేసుకునే ఆడవాళ్లు స్టేజీ ఎక్కడం అప్పటికీ అరుదే, చాలా నాటక సమాజాలు బయటి నుంచి నటీమణులను పిలిపించుకునేవి. ఆ గర్వం నాకు నెత్తికెక్కి ఉంది. మధ్యాహ్నమంతా మీ బావ మేడ మీద గాలిపటం ఎగరేస్తూ పరుగులు పెట్టాడు. సాయంత్రం గొట్టం కాచి చూస్తే నీలం, మంచి ఆకాశ నీలం. ఎంత సంతోషించానో! మూత్రంలో చక్కెర లేదంటే రక్తంలో ఎక్కువ లేదని మాత్రమే అర్థం, బాగా పడిపోయి ఉన్నా ఆ గొట్టం అదే నీలం చూపిస్తుంది, ఆ సంగతి నాకు తట్టలేదు. మేకప్పుకు ఆరింటికల్లా రమ్మన్నారని, ఏడింటికి వేయవలసిన సూదిని ఐదున్నరకే, మోతాదు తగ్గించకుండా వేసేశాను. “అరగంటలో అన్నం పెట్టేయండి” అని గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ చెప్పాను. మా అత్తగారు విన్నారో లేదో వెనక్కి తిరిగి చూడలేదు.

ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి వాడు ఆడి అలసిపోయి చాప మీద నిద్రపోయాడట. పండుగ పూట పిల్లాడు అలసిపోయాడు, కాసేపు పడుకోనీ అనుకున్నారు. ఎనిమిది దాటాక వాడే లేచి, చెమటలు కక్కుతూ, వణుకుతూ వంటింట్లోకి వచ్చి “నాయనమ్మా, ఒక్క అరిసె పెట్టవా” అని అడిగాడు. అరిసెల డబ్బా ఎదురుగా, అటక మీద ఉంది. ఆవిడ పెట్టలేదు. ఆవిడ చేతులతో వండినవే, ఆ పండుగకు వాడి నోట్లో ఒక్కటి పెట్టలేకపోయానని నాలుగు రోజులుగా కుమిలిపోతున్న మనిషి. వాడు మళ్లీ అడిగాడు, తరువాత అరిచాడు, తరువాత నాలుక మడతపడి అర్థం లేని మాటలు మాట్లాడాడు. దిష్టి తగిలిందనుకుని ఆవిడ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోశారు. అరచెంచా పంచదార ఆ వంటింట్లో ఎక్కడ చూసినా దొరికేది.

నేను పదింటికి మొహాన రంగు పూర్తిగా కడుక్కోకుండానే, చప్పట్లు చెవుల్లో మోగుతుండగా ఇంటికి వచ్చాను. వాడు పిలిస్తే పలకలేదు. పక్కింట్లో ఉండే రిటైరైన కాంపౌండరు గారు వాడి చొక్కా పట్టుకుని చూసి, “పాలూ నీళ్లూ ఏమీ నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి, రిక్షా పిలవండి” అన్నారు. పెద్దాసుపత్రిలో నరానికి గ్లూకోజు ఎక్కించిన కొన్ని నిమిషాలకే వాడు కళ్లు తెరిచి, అందరినీ ఒకసారి చూసి, “ఇప్పుడైనా పెడతారా అరిసె” అన్నాడు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నవ్వేశాడు. నేను నవ్వలేదు. ఆ వరండాలో, అంతమంది ముందు, మా అత్తగారి మీద విరుచుకుపడ్డాను. పిల్లాడు చచ్చిపోతుంటే కళ్లప్పగించి చూశారని అన్నాను. ఆవిడ ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. నేను పెట్టిన ఆజ్ఞనే ఆవిడ అక్షరాలా పాటించారని, తీపి విషమని చెప్పినదాన్ని తీపే మందయ్యే వేళ కూడా ఒకటుందని చెప్పలేదని నాకు తెలియక కాదు. ఆ తరువాత ఆవిడ బతికి ఉన్నంత కాలం మా ఇంట్లో అరిసెలు వండలేదు. నేను క్షమాపణ అడిగింది కూడా చాలా ఆలస్యంగా, ఆవిడకు చెవులు సరిగ్గా వినపడని రోజుల్లో.

ఆ తప్పు మీద ఇంకో తప్పు చేశాను, మీ నాన్న నీకు చెప్పమన్నది అదే. నాటకం మానేశాను. తప్పు సూది వేళలో ఉంది, చెప్పీ చెప్పకుండా చెప్పిన మాటలో ఉంది, నేను మాత్రం నేరమంతా నాటకం మీద వేసి పదేళ్లు హాలు గడప తొక్కలేదు. అందరూ త్యాగమన్నారు. ఇంట్లో నేను ముక్కు మీద కోపంతో తిరిగేదాన్ని, ఆ కోపమంతా సూదితో పాటు వాడికే వెళ్లేది. 1998లో ఒకరోజు వాడు స్కూటరు తీసి, “అమ్మా, కళాభారతిలో నాటకం ఉంది, ఎక్కు” అన్నాడు. హాల్లో కూర్చున్నాక జేబులోంచి గ్లూకోజు పొట్లం తీసి నాకు చూపించి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి తిరిగి వస్తుంటే, “నా వల్ల మానేశావని అందరూ నాతోనే అంటుంటే నాకెలా ఉండేదో తెలుసా” అని అడిగాడు. బండి చప్పుడులో వినపడనట్టు ఊరుకున్నాను.

అందుకే నీ పాపతో “నీ కోసం అన్నీ మానుకున్నాను” అన్న మాట ఎన్నడూ అనకు. బజారుకు వెళ్లి వస్తానని అబద్ధం చెప్పి రిహార్సలుకు కూడా వెళ్లకు. ఎక్కడికి వెళుతున్నావో, ఏ వేళకు వస్తావో చెప్పు. గాజువాక నుంచి సిరిపురం సాయంత్రం వేళ గంట ప్రయాణం, ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ, కాబట్టి తొమ్మిదింటికి వస్తానని గొప్పలకు పోకుండా పదింటికని చెప్పి తొమ్మిదిన్నరకు రా.

మీ ఆయనకు బి షిఫ్టు, అంటే సాయంత్రం డ్యూటీ, పడిన వారాల్లో పాప మీ అత్తగారి చేతిలో ఉంటుంది కదా. ఆవిడకు నువ్వు ఏమి నేర్పావు? ఫ్రిజ్ తలుపు మీద ఇంగ్లీషులో ఒక చార్టు అంటించావని విన్నాను. ఎంత చదువుకున్నా తెలివి ఇంతేనా! ఆవిడ చదవలేని కాగితం అక్కడ ఎవరి కోసం? తెలుగులో, పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు వ్రాయి. చెమట పట్టినా, వణికినా, అకారణంగా పేచీ పెట్టినా వేలు గుచ్చి చూడాలి. 70 కంటే తక్కువ ఉన్నా, అసలు చూసే వీలే లేకపోయినా, వెంటనే చక్కెర నీళ్లు పట్టాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, పెరగకపోతే మళ్లీ పట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. పెద్దవాళ్లకు 15 గ్రాములు, అంటే సుమారు మూడు టీస్పూన్ల పంచదార పడుతుంది. పాప బరువుకు ఎంతో డాక్టరు గారిని అడిగి ఆ చెంచాల లెక్క కూడా వ్రాయి. చాక్లెట్టు పెట్టవద్దని చెప్పు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఒంటబడుతుంది. ఎక్కువగా గెంతులేసిన రోజున రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చని ప్రత్యేకంగా చెప్పు.

వ్రాసి ఊరుకుంటే సరిపోదు. నువ్వు పక్క గదిలో కూర్చుని, రెండు సాయంత్రాలు అంతా ఆవిడ చేతనే చేయించు. ఆవిడ చెయ్యి వణికితే వణకనీ, మధ్యలో వెళ్లి అందుకోకు. నాటకానికి నలభై రోజులు రిహార్సలు చేసేదానివి దీనికి రెండు రోజులు చేయలేవా? ఒకవేళ ఆవిడ తప్పు చేస్తే నా నోటిని గుర్తు తెచ్చుకుని నీ నోరు కట్టేసుకో.

డైరెక్టరు గారికి పాప సంగతి ఇంకా చెప్పలేదని మీ నాన్న అన్నాడు. వేషం పోతుందని భయమా? ఈ రోజే చెప్పు. నువ్వు స్టేజీ మీద ఉన్నంతసేపు నీ ఫోను స్టేజీ పక్క వింగులో ఒక మనిషి చేతిలో ఉండాలి, సెన్సరు అలారం మోగితే ఎవరికి ఫోను చేయాలో ఆ మనిషికి తెలిసి ఉండాలి. ఆ మాటకు మొహం చిట్లించే సమాజమైతే నీకు వేరే సమాజం దొరుకుతుంది. ఈ ఊళ్లో నాటకాలు ఆడేవాళ్లకు ఎప్పుడూ కరువు లేదు, తల్లి వేషం వేసేవాళ్లకే కరువు.

ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి జయంతి నాడు, తెలుగు నాటకరంగ దినోత్సవానికి ఏదో ఒక ప్రదర్శన ఉండకపోదు. ఆ రోజు పాపను నాకు అప్పగించి, నువ్వూ మీ ఆయనా ప్రేక్షకుల్లో ఊరికే కూర్చుని చూసి రండి. నీ ప్రదర్శన నాడు కూడా పాప నాతోనే, నడవా పక్క కుర్చీలో కూర్చుంటుంది. క్యారేజీ నేనే తెస్తాను. మీ బావ కూడా వస్తానన్నాడు, వాడి జేబులో పొట్లం ఎలాగూ ఉంటుంది.

ఆదివారం నాడు మీ ఇంటికి వస్తున్నాను, నీ కోసం కాదు, మీ అత్తగారితో ఒక గంట కూర్చోవాలి. ఆ రోజు ఆవిడను వంటింట్లోకి పంపకుండా చూడు. నీ భాగం కాగితాలు తీసి ఉంచు. ప్రాంప్టింగు చేయడానికి నా కళ్లు ఇంకా పనికొస్తాయి, అక్షరాలు మాత్రం కొంచెం పెద్దవిగా వ్రాయించు.

ఇట్లు,
మీ మేనత్త